నవ్వించు బొమ్మ, ఆడించు చేయి

పిల్లి ఎలుకను తరుముట, ఎలుక పిల్లి తలపై ఇస్త్రీపెట్టెను పడవేయుట, ఆ దెబ్బకు పిల్లి అప్పడమువలె చదునై మరుక్షణమే లేచి మరల తరుముట - ఇట్టి ఏడెనిమిది నిమిషముల కార్టూను చిత్రములను గూర్చి పెద్దలు కూర్చుండి ఒక ప్రసంగము వినవలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఒక సమాజము తనలోని వారిని, తనకు పొరుగువారిని మనసున ఏ రూపమున నిలుపుకొనియున్నదో తెలియగోరువారు ఆ సమాజపు శాస్త్రగ్రంథములకంటె ముందుగా దాని హాస్యమును పరిశీలింపవలెనని నా అభిప్రాయము. గ్రంథము వ్రాయునపుడు మనుష్యుడు జాగరూకుడై యుండును. నవ్వించునపుడు ఆ జాగ్రత్త సడలి, లోపల దాగియున్న తలంపు తనంత తానే బయటపడును. కావున తెరపై పడుచు లేచుచు తన్నులు తినుచు మనలను నవ్వించు బొమ్మలలో ఎవరెవరికి చోటు దక్కినది, దక్కినవారికి ఎట్టి ముఖము దక్కినది, ఆ ముఖమును గీసిన చేయి ఎవరిది అను మూడు ప్రశ్నలను ఈనాడు మీ ముందుంచదలచినాను. ఈ విచారణకు అమెరికా దేశపు చిత్రశాలలనుండి ఉపక్రమింపనక్కరలేదు. మన రాయలసీమలోనే, మన ఊరి రచ్చబండ దగ్గరనే, ఇందుకు కావలసిన సామగ్రి అంతయు కలదు.

చలనచిత్రయంత్రము పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే మన దేశమున తెరపై కదలు బొమ్మలుండెను. కాకతీయుల కాలపు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున ఈ తోలుబొమ్మల ప్రసక్తి తెచ్చియున్నాడు. మేకతోలును నానవైచి, వెండ్రుకలు తీసి, గీకి, ఎండబెట్టి, వెలుతురు చొరబారునంత పలుచగా చేసి, దానిపై రూపము గీసి, నగలకును అంచులకును సన్నని రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు పూసి, నడుమ ఒక చీల్చిన బద్దను బిగించి, కీళ్ళ దగ్గర దారము ముడివైచిన పిమ్మట ఆ తోలు హనుమంతుడగును, రావణుడగును, సీతమ్మవారగును. ఇతర ప్రాంతముల నీడబొమ్మలతో పోల్చిన మన తెలుగుబొమ్మలు మిక్కిలి పెద్దవి. నాలుగడుగులకు మించి, కొన్ని ఇంచుమించు మనిషి ఎత్తున నుండును. తెల్లని గుడ్డలను జతచేసి ముండ్లతో గుచ్చి తెర కట్టి, వెనుక పూర్వము ఆముదపు దీపములు, తరువాత పెట్రోమాక్సు, నేడు విద్యుద్దీపము వెలిగించి, కాలిక్రింద చెక్కలను దబదబ త్రొక్కుచు యుద్ధఘోష పుట్టించుచు, తెల్లవారువరకు కథ నడుపుదురు.

ఈ విద్యను వంశపారంపర్యముగా నిలుపుకొనిన కుటుంబములవారు ఇంట మరాఠీకి చెందిన ఒక మాండలికము మాటలాడుకొనుచు, తెర వెనుక నిలిచినంతనే తెలుగున రామాయణ భారతములను నడపుట గమనింపదగిన విశేషము. ధర్మవరమునకు దాపుననున్న నిమ్మలకుంట గ్రామము నేటికిని ఈ విద్యకు నెలవై యున్నది; ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. అంతకుముందే 2008వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలిగినది. కర్నూలు, కడప మండలములవంటి మెట్టప్రాంతమున వాన మొగము చాటుచేసిన ఏట, విరాటపర్వము చదివించిన వాన వచ్చునను నమ్మకమున్నట్లే, ఆ పర్వమును బొమ్మలతో ఆడించినను వచ్చునను నమ్మకము చిరకాలముగా కలదు. జొన్నచేలు ఎండి, బావులు అడుగంటి, పశువులకు మేత కరవైన రాత్రి, ఊరంతయు చందా పోగుచేసి పిలిపించిన ఆ ఆటలో కీచకవధకును ఉత్తరగోగ్రహణమునకును నడుమ జనులు కడుపుబ్బ నవ్వుటకు కూడ ఏర్పాటుండుట నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యము గొలుపు విషయము.

ఆ ఏర్పాటు పేరే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. నున్నని బోడితలపై పిలక నిలిచిన జుట్టుపోలిగాడు మగడు. బంగారక్క అతని ఆలు. కేతిగాడు ఆమె చుట్టు తిరుగు చిలిపివాడు. రాముడు కిరీటముతో, సీత హారములతో, పక్కవాటు ముఖములతో నిండుగా నిలిచి గంభీరమైన పద్యములు పలుకుచుండగా, ఈ ముగ్గురు పొట్టిగా, నల్లగా, వంకరటింకరగా, పెద్ద ముక్కులతోను పొడుచుకొని వచ్చిన పండ్లతోను తెరపైకి దుమికి, ఒకరినొకరు తన్నుకొనుచు, జుట్టు పట్టుకొనుచు, సభలో పలుకదగని మాటలు పలుకుచు, కథను నిలిపివేయుదురు. దేవతలది గ్రంథముల తెలుగు. వీరిది ఊరిలోని తెలుగు. అయోధ్యలో జరుగు కథలో హఠాత్తుగా ఈ ఊరి రెడ్డిగారి ఎద్దుల ప్రస్తావన వచ్చును, కరణముగారి లెక్కల ప్రస్తావన వచ్చును, అంగడివాని తక్కెడ ప్రస్తావన వచ్చును. అమెరికా కార్టూనులలో బాదుకొనుటయు బోర్లపడుటయు నవ్వునకు మూలమైనట్లే ఇచ్చటను మూలమైనవి. తెర ఉన్నది, చదునైన బొమ్మ ఉన్నది, చలనమున్నది, దెబ్బయున్నది, దెబ్బ తగిలినవాడు చావకుండుట యున్నది. కార్టూను చిత్రమునకు ఇంతకు మించిన సామగ్రి ఏమి కావలెను?

ఇక్కడ ఒక ముఖ్యవిషయము చెప్పవలెను. మన పొరుగుననున్న కన్నడసీమలో ఈ బొమ్మలవారిని కిళ్ళేక్యాతులందురు. వారి ఆటలోని హాస్యగాడును కిళ్ళేక్యాతుడే. మన కేతిగాడు అతని తోబుట్టువే. అనగా ఊరూర తిరుగుచు, ఊరి వెలుపల గుడారము వేసికొనుచు, ఒకరు పిలిచిన గాని అన్నము లేని ఆ కుటుంబములవారు తెరపై అందరికంటె అవలక్షణమైన బొమ్మకు తమ పేరే పెట్టుకొనిరి. తమ నలుపును, తమ పేదరికమును, తమ ఇంటి కలహమును తామే నవ్వులపాలు చేసికొని, ఆ నవ్వు చాటున నిలిచి, ఊరి పెద్దలను కూడ నాలుగు మాటలనుటకు అనుమతి సంపాదించుకొనిరి. తన్ను తాను ముందుగా వెక్కిరించుకొన్న వానిపై ఎవడు కోపగించును? రాజును పరిహసింపగల ధైర్యము రాజు పక్కననున్న మంత్రికి లేదు, దీపము వెనుక నిలిచిన కేతిగానికి కలదు.

ఈ దృష్టితో ఇప్పుడు అమెరికా కార్టూనులను చూతము. విలియం హానా, జోసెఫ్ బార్బెరా అను ఇరువురు 1940వ సంవత్సరమున మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో పిల్లి, ఎలుకల తొలి చిత్రమును నిర్మించిరి. టామ్ అండ్ జెర్రీ పేరుతో ప్రపంచమెల్ల ఎరిగిన ఆ చిత్రములను వారిరువురు 1958 వరకు 114 తీసిరి. వానిలో ఏడింటికి ఆస్కారు బహుమతులు వచ్చినవి. మాట తక్కువ, చేష్ట ఎక్కువ అగుటచే భాషాభేదము లేకుండ ఎల్లదేశముల పిల్లలకును అవి చెల్లినవి. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశమునకు వచ్చిన తరువాత ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, రాయచోటి పిల్లలును వానిని చూచి నవ్వుచునే పెరిగిరి. ఆ పిల్లి, ఆ ఎలుక నివసించు ఇంటిలో చీపురు చేతబట్టి పిల్లిని బయటకు గెంటు ఒక లావుపాటి స్త్రీ కనిపించును. కాదు, ఆమె కాళ్ళును చేతులును మాత్రమే కనిపించును. చెప్పులు, మేజోళ్ళు, పని బట్ట, నల్లని చేతులు, దక్షిణరాష్ట్రముల నల్లజాతి యాస - ఇంతియే ఆమె. ఆమెను మామీ టూ షూస్ అని పిలిచెడివారు. తొలి చిత్రము మొదలు 1952 వరకు అనేక చిత్రములలో ఆమె కనిపించినను, ముఖము మాత్రము ఒకటి రెండు రెప్పపాటు క్షణములలో తప్ప ప్రేక్షకుని కంటబడలేదు.

పిల్లికి కన్నులున్నవి, కనుబొమలున్నవి; కోపము, ఆశ, కపటము, పశ్చాత్తాపము అన్నియు దాని ముఖమున చదువవచ్చును. ఎలుకకును అట్లే. ఇల్లంతయు తన చేతులతో తుడిచి శుభ్రపరచు మనుష్యస్త్రీకి మాత్రము ముఖము లేదు. ఆమెకు గొంతునిచ్చినది లిలియన్ రాండాల్ఫ్ అను నల్లజాతి నటి. ఆమె అమెరికా రేడియో నాటకములలో కూడ ప్రసిద్ధురాలు. 1941 నుండి ది గ్రేట్ గిల్డర్స్లీవ్ అను ధారావాహికలో బర్డీ అను వంటమనిషి పాత్ర ధరించి శ్రోతలకు ఆప్తురాలైనది. అయినను పిల్లి ఎలుకల చిత్రముల ఆరంభమున వేయు పేర్లలో ఆమె పేరు లేదు. గొంతు ఆమెది, కలము ఇతరులది. ఆ కలము పట్టినవారు ఆమె జాతి స్త్రీల యాసను కోరిరి గాని ఆమె తలంపును కోరలేదు.

ఇదియొక్కటే కాదు. పిల్లి చేతిలో బాంబు ప్రేలినపుడు పొగ తొలగి చూడగా, దాని ముఖము బొగ్గువలె నల్లబడి, పెదవులు ఉబ్బి, తలపై చిన్న చిన్న జడలు నిలిచియుండును. మన పిల్లలు దానిని చూచి మసి అంటుకొన్నదనియే నవ్విరి. వారి నవ్వులో దోషము లేదు. కాని ఆ రూపము వెనుక ఒక చరిత్ర కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా రంగస్థలముపై తెల్లనటులు కాల్చిన బెరడు మసిని ముఖమునకు పూసికొని, పెదవులను పెద్దవిగా దిద్దుకొని, బానిసలుగా నున్న నల్లవారిని సోమరులనుగా, భీరువులనుగా, తిండిపోతులనుగా అభినయించి జనులను నవ్వించెడివారు. ఆ వేషమే పిదప కార్టూను కలములోనికి దిగినది. కార్టూను కళాకారునికి కాలము బహు స్వల్పము. అరక్షణములో ప్రేక్షకుడు ఇతడెవడో గుర్తింపవలెను. అట్టి తొందరలో అతడు కొత్తగా చూడడు; అంతకుముందే జనులకు అలవాటైన ముద్రను తీసి వేయును. ఆ ముద్రలో విషమున్నచో కార్టూనులోనికి కూడ విషము వచ్చును. హాస్యము ఎంత వేగమైనదో, పాతముద్రలపై అది అంత ఆధారపడును. ఈ జాతి చిత్రముల వ్యాధికి మూలము ఇదియే.

ఆ వ్యాధికి చికిత్సగా అమెరికావారు వేర్వేరు కాలములలో వేర్వేరు మార్గములు త్రొక్కిరి. వాల్టర్ లాంట్జ్ 1941లో తీసిన ఒక చిత్రము నల్లవారి గ్రామమును సోమరిపోతుల నెలవుగా చూపగా, నల్లజాతీయుల హక్కులకై పోరాడు సంఘమువారు అభ్యంతరము తెలిపిరి. 1949లో యూనివర్సల్ సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది. వార్నర్ సోదరుల పాతచిత్రములలో పదకొండింటిని 1968లో టెలివిజన్ ప్రదర్శననుండి సంపూర్ణముగా తొలగించిరి. మామీ టూ షూస్ విషయమున మరొక విచిత్రము జరిగినది. 1960ల దశకమున టెలివిజన్ కొరకు ఆమెయున్న భాగములలో కొన్నిటిని మరల గీసి, ఆమె స్థానమున ఒక సన్నని తెల్లని స్త్రీని నిలిపి, ఐర్లండు యాసతో క్రొత్త గొంతు చేర్చిరి. ఇది నాకు మిక్కిలి శోచనీయముగా తోచును. అవమానముగా గీసిన బొమ్మను చెరిపివేయుట వలన ఆ స్త్రీకి గౌరవము రాలేదు; ఉన్న చోటు కూడ పోయినది. ముందు ముఖము లేదు, పిదప కాళ్ళు కూడ లేవు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ స్పీడీ గొంజాలెస్‌ది. పెద్ద టోపీ పెట్టుకొని మెరుపువలె పరుగెత్తు ఈ మెక్సికో ఎలుక 1950ల దశకమున వార్నర్ సోదరుల చిత్రములలో పుట్టినది. దాని పేరిటి 1955 నాటి చిత్రమునకు ఆస్కారు కూడ లభించినది. మెక్సికోవారిని అవమానించునను శంకతో 1999లో కార్టూన్ నెట్‌వర్క్ దానిని నిలిపివేయగా, అమెరికాలోని స్పానిష్ భాషీయులే, వారి ప్రముఖ సంఘముతో సహా, ఆ ఎలుక మాది, మాకు తిరిగి ఇండని కోరిరి. 2002లో అది మరల వచ్చెను. ఏల? ఆ ఎలుక చుట్టునున్న మిత్రులను నిద్రమొగములుగా చూపుట దోషమే. కాని తెలివియు, ధైర్యమును, విజయమును ఆ ఎలుకవే, ఓడిపోవునది అడ్డునిలిచిన పిల్లియే. తమ బొమ్మ తన్నులు తినుచున్నదా, తెలివిగా తప్పించుకొనుచున్నదా అను తారతమ్యమును సామాన్యజనులు పండితులకంటె చక్కగా ఎరుగుదురు. పరువు ఎక్కడ పోయినదో, ఎక్కడ నిలిచినదో నిర్ణయించువారు ఆ బొమ్మకు బంధువులే కావలెనుగాని, దూరమున కూర్చున్నవారు కారాదు.

ఇంతవరకు విని మీరు, పరదేశముల దోషములను ఎన్ని మన కేతిగానిని మెచ్చుకొనుచున్నాడని తలంపవచ్చును. మన ఇంటి దోషమును కప్పిపుచ్చుట నా ఉద్దేశము కాదు. బంగారక్కను చూడుడు. ఆమె నల్లనిదగుటయే ఒక హాస్యము, లావైనదగుటయే ఒక హాస్యము, నోరు పెద్దదగుటయే ఒక హాస్యము. మగడు కొట్టిన అదియు హాస్యమే. సీతమ్మవారికి దక్కిన తెరకును బంగారక్కకు దక్కిన తెరకును నడుమనున్న దూరము ఒక్క పాత్రల దూరమేనా? ఎండన పడి వేరుసెనగ పీకు మన పల్లె స్త్రీ ఏ రంగున నుండునో, ఏ గొంతుతో మాటలాడునో, ఆ రంగు ఆ గొంతు బంగారక్కవి. అయితే ఒక్క మాట ఆమె పక్షమున చెప్పవలెను. ఈ బొమ్మలాటలో ఇంటి ఆడువారు కూడ తెర వెనుక నిలిచి పాడుదురు, స్త్రీపాత్రల మాటలు పలుకుదురు. బంగారక్క తిట్టు తిట్టిన, ఆ తిట్టు మగనికి తగిలినది, కేతిగానికి తగిలినది, ముందు వరుసలో పంచె సవరించుకొనుచున్న పెద్దమనుష్యునికిని తగిలినది. లిలియన్ రాండాల్ఫ్‌కు లేని స్వాతంత్ర్యము, అప్పటికప్పుడు మాట కల్పించి అను స్వాతంత్ర్యము, తెర వెనుకనున్న ఆ పేదరాలికి ఉండెను. దోషము పోలేదు, కాని దానికి జవాబు చెప్పు హక్కు అచ్చటనే నిలిచియున్నది.

పగటివేషములను కూడ ఈ సందర్భమున తలచుకొనవలెను. సోమయాజులు, కోమటి, ఫకీరు, బుడబుక్కలవాడు, ఎరుకలసాని - ఊరిలోని ప్రతి కులము, ప్రతి వృత్తి, ప్రతి మతము వేషముగా వీధిలో నడచెడిది. ఫలానివాని వేషము వేసినారని ఫలానివాడు నవ్వుచునే ఒక పడి జొన్నలు పెట్టెడివాడు. ఉగాదినాడు దేవునికడపలో వేంకటేశ్వరుని సేవించుటకు ముసల్మానులు వచ్చు సంప్రదాయమును, కడప పెద్దదర్గాలో హిందువులు ముడుపులు చెల్లించు సంప్రదాయమును ఎరిగిన ఈ గడ్డపై ఒకరి వేషమును మరియొకరు వేయుట సాధ్యమైనది. దానికి కారణము వేషగాడును వేషమునకు ఆధారమైనవాడును ఒకే వీధిలో మరునాడు ఎదురుపడువారగుట. ఎదురుపడవలసిన భయము లేనివాని హాస్యము క్రూరమగును. అయినను, ఆ వరుసలో ఎవరి వేషము ఎక్కువ మోటుగా నుండెడిదో, ఎవరు నవ్వక తప్పక నవ్విరో కూడ మనము మరువరాదు. బలవంతుడు నవ్విన నవ్వును, బలహీనుడు నవ్విన నవ్వును ఒకటి కావు.

ఇక మన కాలమునకు వత్తము. కడప మండలము సినిమాకు హాస్యమును తక్కువ ఇవ్వలేదు. పులివెందుల ప్రాంతపు సింహాద్రిపురమున పుట్టిన పద్మనాభముగారు నటుడై, నిర్మాతయై, 1967లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రమును నిర్మించి, బాలసుబ్రహ్మణ్యముగారిని గాయకునిగా తెలుగువారికి పరిచయము చేసిరి. ఆ మండలమువారే అయిన నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి 1957లో మాయాబజార్ నిర్మింపగా, ఘటోత్కచుని అనుచరులైన లంబు, జంబుల పడిలేచుటలను చూచి ఆబాలగోపాలము నవ్వినది. అచ్చటి రాక్షసులు నవ్వించినను నీచులు కారు, కథను గెలిపించువారు వారే. ఆనాటికి సీమవాడనగా ఒక ముద్ర వెండితెరపై పడియుండలేదు. 1990ల చివర వరుసగా వచ్చిన సమరసింహారెడ్డి మొదలైన చిత్రములలో ఆ ముద్ర పడినది. సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు, తొడగొట్టుట, తెల్లని చొక్కా, గుబురుమీసము, దానికి తోడు మన యాస. కొండారెడ్డి బురుజు కర్నూలువారికి ఊరి గుర్తు. తెలుగునాట అనేకులకు అది సినిమాలో తరుముకొను స్థలము.

ఈ ముద్రకు గొంతునిచ్చిన నటులలో అగ్రగణ్యుడు జయప్రకాశ్ రెడ్డిగారు. కర్నూలు మండలపు సిరివెళ్ళవారగుటచే 1997 నాటి ప్రేమించుకుందాం రా చిత్రమున ఆయన పలికిన మాట అచ్చమైన సీమ మాట. అందు కృత్రిమత్వము ఇసుమంతయు లేదు. పిదప అదే గొంతు హాస్యచిత్రములలో కూడ జనులను విరగబడి నవ్వించినది. ఆయన ప్రతిభకు నేను నమస్కరింతును. కాని ఇందాక మామీ టూ షూస్‌ను గూర్చి చెప్పిన మాటను ఇక్కడ మరల అనక తప్పదు: గొంతు మనది, కలము ఇతరుల అంచనాలది. సీమవాడు ఈ చిత్రములలో ప్రతీకారము కొరకు బ్రతుకును, లేదా భయపడి నవ్వించును. బడిపంతులుగా, బస్సు కండక్టరుగా, కె.సి. కాలువ నీటికై ఎదురుచూచు రైతుగా, చదువుకొను పిల్లగా అరుదుగా కనిపించును. ముఖమున్నది, కాని ఒక్కటే ముఖము.

2010లో వచ్చిన మర్యాద రామన్న చిత్రము ఈ విషయమున వింతయైన ఉదాహరణము. దానికి మూలము బస్టర్ కీటన్ 1923లో తీసిన అవర్ హాస్పిటాలిటీ అను మూకీ చిత్రము. అమెరికా కొండప్రాంతమున రెండు కుటుంబములు తరతరములుగా పగతో నుండగా, శత్రువు ఇంట అతిథిగా అడుగిడిన యువకుని గడప లోపల చంపరాదను మర్యాద అతనిని కాపాడుట ఆ కథ. రాజమౌళిగారు దానిని తెలుగు చేయదలచినపుడు ఆ పగల కుటుంబములు సహజముగానే రాయలసీమకు వచ్చి చేరినవి. కీటన్ కొండవారిని వెక్కిరించినట్లు మన చిత్రము సీమవారిని వెక్కిరించినదని నేననను. ఇంటికి వచ్చినవానికి అన్నము పెట్టు మర్యాదయే కథకు ఇరుసు, అది మన గడపల నిజమైన గుణమే. కాని అమెరికాలో వెనుకబడిన కొండప్రాంతము ఏ ముద్రను మోసినదో, తెలుగునాట వెనుకబడిన మెట్టప్రాంతము సరిగా అదే ముద్రను మోయుచున్నదని ఆ ఒక్క మార్పువలననే తెల్లమగుచున్నది. బీదప్రాంతముపై పగ, మొరటుతనము, కత్తి అంటించుట లోకమంతట హాస్యమునకు సులభమార్గము.

సులభమార్గము తప్ప మరియొకటి లేదా? కలదు. 1949లో చక్ జోన్స్ రోడ్ రన్నర్ చిత్రములను ప్రారంభించినపుడు ఎవరి జాతిని, ఎవరి యాసను నవ్వులపాలు చేయలేదు. ఎఱ్ఱని రాతిలోయలు, ఎండిన నేల, ఆకలిగొన్న ఒక నక్కజాతి మృగము, దానికి అందని ఒక పక్షి, ఇంతియే. పన్నిన ప్రతి పన్నాగము తన తలపైననే కూలినను ఆ మృగము మానదు. పెన్నానది గండికోట దగ్గర కోసిన లోయ అంచున నిలిచిన మన పిల్లవానికి ఆ ఎఱ్ఱని బండలు పరాయివిగా తోచవు. మూడేండ్లు వరుసగా వాన తప్పినను నాలుగవ ఏట అప్పు తెచ్చి మరల విత్తనము చల్లు తండ్రిని ఎరిగిన వానికి ఆ మృగపు మొండితనము కూడ పరాయిది కాదు. మనుష్యుని ఆశకును లోకపు బరువుకును నడుమ జరుగు పోరాటమే పడిలేచు హాస్యమునకు అసలైన ప్రాణము. రంగు, యాస, కులము, అంగవైకల్యము దానికి తగిలించిన తొడుగులు. అవి లేకున్నను నవ్వు చావదు.

నేడు తెలుగునాట యానిమేషన్ పరిశ్రమకు కొదువ లేదు. 2001లో రాజీవ్ చిలక హైదరాబాదున స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి ఛోటా భీమ్‌ను దేశమంతట ఇంటింటికి చేర్చినది. పంచె కట్టి లడ్డు తిను ఆ బాలుడు మన పిల్లలకు తమ బట్ట తెరపై కనిపించు భాగ్యమును కలిగించెను. అది స్వల్పమైన మేలు కాదు. కాని ఢోలక్‌పూర్ ఏ సీమకును చెందని ఊరు. అది తెలుగు నగరమున తయారైనను అందలి పిల్లల మాటలో కర్నూలు లేదు, కడప లేదు, ఆ మాటకు వచ్చిన శ్రీకాకుళమును లేదు. విద్య మన చేతిలో నున్నది, యంత్రములున్నవి, చిత్రకారులున్నారు. మన ముఖములను మనము గీసికొనుట ఒక్కటియే మిగిలియున్నది.

కావున ఈ ప్రసంగసారమును మూడు మాటలలో చెప్పెదను. మొదటిది, పాతచిత్రములను తగులబెట్టుట గాని, దోషములను మసిపూసి మార్చుట గాని తగదు. వార్నర్ సంస్థవారు 2005లో టామ్ అండ్ జెర్రీ చిత్రములను డిస్కులుగా విడుదల చేయునపుడు హూపీ గోల్డ్‌బర్గ్ అను నల్లజాతి నటీమణిచేత, ఇందు తప్పు గలదు, ఆనాడును తప్పే, అయినను చరిత్రను దాచరాదు అను భావము వచ్చునట్లు ముందుమాట చెప్పించిరి. మన ఇండ్లలోను పెద్దలు పిల్లల పక్కన కూర్చుండి చూచి, ఆ నల్లబడిన ముఖమేమో, ఆ కాళ్ళెవరివో ఒక్క మాట చెప్పిన చాలును. రెండవది, బంగారక్కను తెరనుండి దింపనక్కరలేదు, మార్చవచ్చును. ఆమెకు దెబ్బలు తగ్గించి మాటలు పెంచిన నవ్వు తరుగదు, పెరుగును. మూడవది, ముఖ్యమైనది, ఆడించు బద్ద సీమ పిల్లల చేతికి రావలెను.

పాఠశాలల ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. మీ పాఠశాల వార్షికోత్సవమునకు సినిమా పాటల నృత్యములతో పాటు ఒక్క రాత్రి నిమ్మలకుంటవంటి గ్రామములనుండి బొమ్మలాటవారిని పిలిపించి, వారికి తగిన సంభావన ఇచ్చి, పిల్లలచేత కేతిగానికి క్రొత్తమాటలు వ్రాయింపుడు. ఆ మాటలు పత్తికొండ యాసలోనుండనిండు, జమ్మలమడుగు యాసలోనుండనిండు, కర్నూలు పాతబస్తీ ఉర్దూ కలిసిన తెలుగుననుండనిండు. తన యాసతో తానే నవ్వించి, సభచేత చప్పట్లు కొట్టించుకొన్న పిల్ల రేపు ఏ తెరపైనైనను తన ఊరిని ఒకే ముఖముతో చూపిన ఊరకుండదు. సీమ బొమ్మను సీమవారు గీయనంత కాలము ఇతరులు గీయుచునే యుందురు. వారిని నిందించుటకంటె కలము పట్టుట మేలు.